ఎంగిలి తొట్టికి కాపలా

మా పటాలం వంట హవల్దారుకి ఒకటే పిచ్చి: ఎంగిలి కంచాలు చూడటం. భోజనాలవేళ మెస్సులో గరిటె చంకన పెట్టుకుని ఎంగిలి తొట్టి పక్కన కాపలా కాసేవాడు. ఆయన్ని దాటుకుని కంచం కడుక్కున్న మొనగాడు మాలో లేడు. ఎదురుగా ‘బాబాయ్’ అనేవాళ్లం, చాటుగా ‘తొట్టి దొర’ అనేవాళ్లం.

“ఈ దుంపముక్క ఏం తప్పు చేసిందిరా?” అని నిలదీసేవాడు. జవాబైనా చెప్పాలి, ముక్కైనా మింగాలి. మింగడమే సులువు. ఒకసారి కర్నల్ గారు గుమ్మడిముక్క వదిలేస్తే, సెల్యూట్ కొట్టి మరీ ఆయన్నీ అడిగాడు. శత్రువుకి వెన్ను చూపని మా కర్నల్ గారు కళ్లు మూసుకుని ముక్క మింగేశారు.

కొండల్లోకి శిక్షణకి వెళ్తే పీడ విరగడవుతుందనుకున్నాం. అక్కడంతా డబ్బాల తిండి, తొట్టే లేదు. దొర డేరా డేరాకీ తిరిగి, మేం పారేసిన డబ్బాలు చెవి దగ్గర ఊపి చూసేవాడు. “లోపల బఠాణీలున్నాయి. అవేం తప్పు చేశాయి?”

మాలో బండోడని ఒకడుండేవాడు. ఏనాడూ మెతుకు వదలడు కాబట్టి దొరకి ముద్దుబిడ్డ. మేం కొండలు దిగివచ్చాక వాడికి కూతురు పుట్టిందని కబురొచ్చింది. మర్నాడే సెలవు మీద ప్రయాణం. ఆ మధ్యాహ్నం వాడు తెచ్చిన ఖాళీ కంచాన్ని దొర వెలుగుకేసి పట్టి చూశాడు.

“తిన్న కంచానికీ, ఒంపేసిన కంచానికీ తేడా తెలీదనుకున్నావా? కూర జాడంతా ఒక అంచుకే పోయింది. ఎవడికి ఒంపావ్?”

పక్కనే ఉన్న నాకు సరిగ్గా అప్పుడే పెద్ద త్రేన్పు వచ్చింది. ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“కడుపులో కాస్త నొప్పి బాబాయ్,” అన్నాడు బండోడు. “డాక్టరుకి చెప్తే సెలవు ఆపేస్తారు. పాపని చూడాలి.”

“చూద్దువుగానీ, ముందు నువ్వుండాలిగా!”

గరిటె నా చేతిలో పెట్టి, అంత మనిషినీ భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆ పూట తొట్టికి కాపలా లేదు. అయినా ఎవరూ ముక్క వదల్లేదు.

అపెండిక్స్ పగలబోతోందట. వెంటనే ఆపరేషన్ చేశారు. గండం గడిచిందని డాక్టరు చెప్పగానే మా అందరికీ ఊపిరి వచ్చింది. పైగా బండోడికి సెలవు రెండింతలైంది.

“ఒంట్లో బాగోకపోయినా, మనసు బాగోకపోయినా మీరు నోరిప్పి చావరుగా,” అన్నాడు దొర కళ్లు తుడుచుకుంటూ. “కంచాలు చూడక ఏం చెయ్యను?”

డాక్టరు సరేనన్నాక బండోడికి జావ ఆయనే కాచి తెచ్చాడు. వాడు సగం తాగి, భయంభయంగా గ్లాసు దించాడు.

“ఇంక పట్టదు బాబాయ్.”

“పర్లేదురా. ఎక్కువ కాచాను, తప్పు నాదే,” అంటూ మిగిలింది తనే గటగటా తాగేశాడు.

ఇదే అదనని, మంచం పక్కన కూర్చున్న నేనూ బిస్కెట్టు కొరకడం ఆపేశాను. దొర చూపు నా చేతిలోని సగం బిస్కెట్టు మీద పడింది.

“మరి అదేం తప్పు చేసిందిరా?”