రెండుసార్లు కింది బాణం

ఆ ఆసుపత్రిలో డాక్టర్లు నలభైమంది దాకా ఉన్నారు. కానీ "డాక్టరమ్మని పిలవండి" అంటే మాత్రం అందరూ పరిగెత్తేది రికార్డుల గదికి. అక్కడ కూర్చునే గుమాస్తా పేరది. మెళ్ళో స్టెతస్కోపు ఉండదు, సంచిలో స్క్రూడ్రైవరు ఉంటుంది. ఏ విభాగంలో కంప్యూటర్ మొరాయించినా ముందు కబురు ఆవిడకే.

ఇరవై మూడో ఏట టైపిస్టుగా చేరింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో తోటివాళ్ళంతా దాన్ని ముట్టుకుంటే కరుస్తుందన్నట్టు దూరంగా జరిగారు. ఆవిడ మాత్రం మధ్యాహ్నం కారేజీ కూడా విప్పకుండా దాని ముందు కూర్చుని, పాడుచేసి, బాగుచేసి, మళ్ళీ పాడుచేసి నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. అందుకని కాస్త గర్వం. కాస్తేమిటి, అబద్ధమెందుకు, బాగానే ఉంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "మా ఆవిడని కంప్యూటర్ అడిగితే జవాబిస్తుంది, మనిషి అడిగితే వినిపించుకోదు" అని భర్త నలుగురిలో అంటుంటే అదేదో పొగడ్త అనుకుని నవ్వేది.

ఒక శుక్రవారం టెలిఫోన్ గదినుంచి పిలుపొచ్చింది. రోగుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకి పాసులు ఇకమీద ఆ గదిలోని కంప్యూటర్ మీదే అచ్చు వేయాలని కొత్తగా వచ్చిన అధికారి ఆర్డరు వేశాడు. ఆ గదిలో ఒక పక్క విచారణల కిటికీ, దాని దగ్గర ఒక అమ్మాయి. ఇంకో పక్క ఫోన్ల బల్ల, దాని దగ్గర ఆపరేటరు. ఆయనకి చూపు లేదు. పదహారేళ్ళుగా ఆ బల్ల ఆయనదే. ఆ రోజు ఆయనకి వారపు సెలవు.

"అక్కా, స్విచ్ వేయగానే నల్ల తెర వచ్చి, రెండు పేర్లు చూపించి, ఏది కావాలో ఎంచుకోమని నిలబడిపోతోంది" అంది కిటికీ అమ్మాయి. "అరనిమిషం. అవతల జనం నా ప్రాణం తోడేస్తారు."

డాక్టరమ్మ చూసింది. ఒకటి అందరూ వాడే సిస్టమ్. రెండోది ఎవరో ఎప్పుడో ఎక్కించిపోయింది. "ఒక ఒరలో రెండు కత్తులేమిటే? తీసేస్తే సరి" అంది.

"ఆపరేటర్ గారు దీంట్లో ఏదో చేసుకుంటుంటారక్కా. రేపొస్తారుగా, ఓసారి అడుగుదామేమో."

"కళ్ళు లేని మనిషికి కంప్యూటర్‌తో పనేముంటుందే? చెవుల్లో ఆ వైర్లు దోపుకుని పాటలు వింటుంటాడు, అంతే."

ఎదురుగా ఉంటే "ఆపరేటర్ గారూ" అనే మనిషి, లేనప్పుడు "వింటుంటాడు" అంది. ఆ అమ్మాయి కుర్చీ వదిలి పక్కకి జరిగింది.

పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేసింది. తెలియనివాళ్ళు ముందు రెండో సిస్టమ్‌ని చెరిపేస్తారు. ఏది కావాలని అడిగే ఆ నల్ల తెర దాని తాలూకే కాబట్టి, అది పోయాక కంప్యూటర్ అసలు లేవదు. అప్పుడు నెత్తీ నోరూ కొట్టుకుంటారు. ఆవిడ ఆ పప్పులో కాలెయ్యలేదు. మొదటి సిస్టమ్ తనంతట తనే లేచేలా ముందు సర్దింది. ఆపి, మళ్ళీ వేసి చూసుకుంది. అప్పుడు డిస్కులో ఏ భాగం ఎంతుందో చూపించే పటం తెరిచింది. పేరు లేని భాగం ఒకటి కనిపించింది. రెండోదాని లోపలి సంగతి చదవడం మొదటిదానికి చేతకాదు, అందుకే అలా చూపిస్తుంది. ఆ ముక్క ఆవిడకి తెలుసు. తెలిసుండీ, పేరు లేదు కాబట్టి ఎవరిదీ కాదనుకుంది. "ఇందులోని సమాచారమంతా పోతుంది, తీసెయ్యమంటారా?" అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. తీసెయ్యమంది. మిగిలిన జాగాని మొదటిదాంట్లో కలిపేసింది. పనిలో పనిగా, తన గదిలో చోటు చాలక ఇబ్బంది పెడుతున్న పదేళ్ళ పాత రికార్డుల ఫొటోలన్నీ తెచ్చి అందులో నింపేసింది. సాయంత్రం అధికారి శభాష్ అన్నాడు.

మర్నాడు పొద్దున్న మరో శభాష్ దొరుకుతుందేమోనని ఆ గదికి వెళ్ళింది. ఆపరేటరు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మడత పెట్టిన రుమాలు. కంప్యూటర్ స్విచ్ నొక్కి, ఫ్యాను చప్పుడు నెమ్మదించేదాకా తల వంచి విన్నాడు. కింది బాణం మీట ఒకటికి రెండుసార్లు, ఆ తర్వాత ఎంటర్. తనకి కనబడని ఆ నల్ల తెర మీద కిందున్న పేరుని ఆయన రోజూ ఎంచుకునేది అలాగే. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

స్పీకరుకి చెవి ఆనించాడు. వైర్లు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ రెండుసార్లు కింది బాణం.

"మేడమేనా వచ్చింది? చెప్పుల చప్పుడు మీదే" అన్నాడు. "సమయానికొచ్చారు. ఇది పలకడం లేదండి. రోజూ నమస్కారం చెప్పి మరీ మొదలెట్టేది. మొన్న నేనే ఏదో తప్పు మీట నొక్కినట్టున్నాను. కాస్త చూస్తారా?"

ఆవిడ చేతిలోని సంచి బల్ల మీద పెట్టింది. "అందులో... ఏముందండీ?"

మూడేళ్ళ కిందట చూపులేని స్నేహితుడొకాయన వచ్చి, తెర మీది అక్షరాల్ని పైకి చదివే సిస్టమ్ ఎక్కించి వెళ్ళాడట. దాంట్లో ఈయన రక్తం ఇచ్చేవాళ్ళ జాబితా కూర్చుకుంటూ వచ్చాడు. పన్నెండు వందలమంది. ఎవరిది ఏ గ్రూపు, ఎప్పుడిచ్చారు, మళ్ళీ ఎప్పుడు అడగొచ్చు, ఏ వేళప్పుడు ఫోన్ ఎత్తుతారు, ఎవరిని పెళ్ళాం వినకుండా అడగాలి, అన్నీ. బ్లడ్ బ్యాంకులో ఉన్న రిజిస్టరులో సగం నంబర్లు మారిపోయాయి. వాళ్ళు కూడా ఈయన్నే అడుగుతారు.

"ఎవరూ చెయ్యమన్లేదండి" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ఎలాగూ ఫోన్ పట్టుకుని కూర్చోవడమే కదా అని."

అప్పుడైనా చెప్పుండాల్సింది. నోరు తెరిచింది కూడా. "వైరస్ అయ్యుంటుందండీ. డిస్కు ఇంటికి తీసుకెళ్ళి చూస్తాను" అంది. కిటికీ దగ్గర అమ్మాయి తల తిప్పి ఒక్కసారి చూసి, మళ్ళీ జనం వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా డాక్టరమ్మ గది దాటింది.

ఆదివారమంతా ఇంట్లో డిస్కుతోనే గడిచింది. చెరిగిపోయినవి వెతికిపెట్టే ప్రోగ్రాములు ఆవిడ దగ్గర మూడున్నాయి. మూడూ తిప్పింది. పోయిన జాగాలో ఏం దొరికినా అవి తను నింపిన పాత రికార్డులే. చచ్చిపోయిన ఎవరివో జ్వరం చార్టులు, వాటి కింద బతికున్న పన్నెండు వందలమంది.

"ఎవరిదే అది?" అన్నాడు భర్త, పేపరు మడుస్తూ. చెప్పింది. "తీసేముందు అతన్ని అడిగావా?"

"కళ్ళు..." అని మొదలెట్టి నాలుక కరుచుకుంది. ఆ మాట మొగుడి ముందు కూడా రెండోసారి అనలేకపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆయన పెద్దాడిలా ఏదో చెప్పబోతే, కసిరి లోపలికి పోయింది. కసరడానికి ఆయనొక్కడేగా దొరికేది.

సోమవారం పదకొండింటికి డిస్కు మళ్ళీ బిగించడానికి వెళ్ళింది. "వైరస్ అంతా తినేసిందండీ" అనే వాక్యం దారి పొడుగునా నోట్లో నానబెట్టుకుంటూ వెళ్ళింది. ఆ వాక్యం బయటికి రాకముందే ఫోన్ మోగింది. ప్రసవాల వార్డునుంచి. తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. బి నెగటివ్. బ్లడ్ బ్యాంకులో ఒక్క సీసానే ఉంది, ఇంకోటి కావాలి, వెంటనే.

ఆపరేటరు చెయ్యి అలవాటుగా కంప్యూటర్ వైపు వెళ్ళి, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చింది. రెండు చేతుల వేళ్ళూ బల్ల మీద పెట్టి, పెదాలు కదుపుతూ నంబర్లు గుర్తు తెచ్చుకోవడం మొదలెట్టాడు. మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. రెండోది తప్పు నంబరు, అవతలివాడెవడో తిట్టాడు. "క్షమించండి బాబూ" అని పెట్టేసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ వేళ్ళు బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. మెళ్ళో ఉద్యోగుల కార్డు వేలాడుతోంది. దాని మీద ఎర్ర అక్షరాల్లో బి నెగటివ్ అని ఉంది.

సూదంటే ఆవిడకి చచ్చేంత భయం. చిన్నప్పటినుంచీ అంతే. ఇదివరకు అడిగినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకుంది. ఇప్పుడు కాళ్ళు కదల్లేదు, నోరు పెగల్లేదు. చెయ్యి మాత్రం కదిలింది. కదిలి, మెళ్ళో కార్డుని వెనక్కి తిప్పేసింది. చూపు లేని మనిషి ముందు కార్డు తిప్పుకోవడమేమిటో, ఆవిడకే తెలియాలి. కిటికీ అమ్మాయి చూసింది. చూసిందని డాక్టరమ్మకీ తెలిసింది.

నాలుగో నంబరుకి ఒక దర్జీ దొరికాడు. కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి వచ్చి ఇచ్చాడు. తల్లి గట్టెక్కింది. ఆపరేటరు డాక్టరమ్మని అడగనే లేదు. కార్డు తిప్పుకుని బతికిపోయాననుకుంది కానీ, ఆ బతుకేం బతుకని వెంటనే అనిపించింది. తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ఆపరేటర్ గారూ, వైరస్ కాదండీ. నేనే తీసేశాను. శుక్రవారం. ఇక రాదు. రెండ్రోజులు వెతికాను, రాదు."

ఆయన రుమాలు తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టాడు.

"అడిగితే చెప్పేవాణ్ణి కదండీ" అన్నాడు చివరికి.

"అడగాలని తోచలేదండీ."

"సరే. ఒక్కటి మాత్రం నిజం కాదు మేడమ్." గొంతులో కోపం లేదు, అదే నరకంలా ఉంది. "నేను పాటలు వినను."

అయితే అంతా తెలుసన్నమాట. శనివారం, తన తప్పేనేమోనని కీబోర్డు తడుముకున్నప్పుడు తెలియదు. ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పి ఉంటుంది. తెలిసీ సోమవారం దాకా ఆగాడు, తనంతట తను చెబుతుందేమోనని. నేల చీలితే దిగిపోదామని ఆవిడకి అనిపించింది కానీ, ఆసుపత్రి నేల ఎవరి కోసమూ చీలదు.

"కాపీ ఒకటి పెట్టుకోవాల్సిందండీ" అంది, ఏదో ఒకటి అనాలని.

"పోయినేడు పెన్‌డ్రైవ్ అడిగాను మేడమ్. ఫలానాది కావాలని కాగితం మీద ఇండెంటు రాసి పంపమన్నారు."

అన్నది ఎవరో అడగక్కర్లేదు. తనే.

మంగళవారం ఆవిడ ఉన్న సిస్టమ్‌లోనే పైకి చదివే ప్రోగ్రాము ఎక్కించింది. జలుబు చేసినట్టుండే ఆ గొంతు విని ఆయన మొహం విప్పారింది. పెన్‌డ్రైవ్ తన డబ్బుతో కొనిపెట్టింది. రోజూ పని ముగిశాక గంటన్నర కూర్చునేవాళ్ళు. ఆయనే టైపు చేసుకోగలడు కానీ, నంబర్లు గుర్తు తెచ్చుకోవడానికి వేళ్ళు ఖాళీగా ఉండాలి. అందుకని ఆయన చెప్పడం, ఆవిడ కొట్టడం. వరస పూర్తి కాగానే కంప్యూటర్ పైకి చదివేది. ఆటో నడిపే ఒకాయన, ఓ పాజిటివ్, పొద్దున పదిలోపు అడగాలి. లెక్కల టీచరమ్మ, ఏ నెగటివ్, పోయిన నెలే ఇచ్చింది. ఒక జైలు వార్డరు, అడిగితే కాదనడు కానీ తిరిగి వెళ్ళడానికి బండి చూసిపెట్టాలి. ఇలా ఆరువందల చిల్లర వచ్చాయి. మిగతావి ఆయన తలలోనూ లేవు.

శనివారం బి నెగటివ్‌ల దగ్గరికొచ్చారు. దర్జీ అయ్యాడు. ఇంకో ఇద్దరయ్యారు. ఆయన ఆగాడు.

"తర్వాతిది వదిలేద్దాం లెండి."

"ఒక్కటి కూడా వదలొద్దండీ. చెప్పండి."

"మీరే చెప్పమన్నారు, నన్ననకండి." ఆయన మెల్లిగా చెప్పాడు. "రికార్డుల గది మేడమ్. లోపలి ఫోన్ నూట పద్నాలుగు. మూడుసార్లు అడిగాను. మొదటిసారి జ్వరం. రెండోసారి జ్వరం. మూడోసారి ఇంటికి చుట్టాలు. ఇక అడగవద్దు."

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. సోమవారం మూడడుగుల దూరంలో ఎవరు నిలబడ్డారో ఆయనకి తెలుసు. చెప్పుల చప్పుడు తెలుసు, గ్రూపు తెలుసు. కార్డు తిప్పుకున్నందుకు కాదు ఆయన అడగనిది. అడిగి లాభం లేదని రాసిపెట్టుకున్నందుకు.

కొట్టింది. ఒక్కో అక్షరం కొట్టింది. ఎంటర్ నొక్కగానే ఆ జలుబు గొంతు, ఎవరిమీదా పక్షపాతం లేకుండా, గదంతా వినబడేలా చదివింది: "రికార్డుల గది మేడమ్. బి నెగటివ్. జ్వరం. జ్వరం. ఇంటికి చుట్టాలు. ఇక అడగవద్దు." కిటికీ దగ్గర అమ్మాయి పాసుల కట్ట సర్దుతున్నట్టు తల వంచుకుంది.

"ఆ చివరి మాట... తీసెయ్యమంటారా?" అంది డాక్టరమ్మ.

"తీసెయ్యడానికి తొందరేముంది మేడమ్" అన్నాడాయన. "ముందు ఇచ్చి రండి."

ఫోన్ మోగితే అందుకున్నాడు. ఆవిడ లేచింది. సోమవారంనుంచీ వెనక్కి తిరిగే ఉన్న కార్డుని ముందుకి తిప్పుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆసుపత్రిలో, బ్లడ్ బ్యాంకుకి ఎటు వెళ్ళాలని ఆ అమ్మాయిని అడిగింది.