టిక్కెట్టు ఇవ్వని కండక్టరు

మూడు ప్రయాణాలు, ఇద్దరికి రానూపోనూ పన్నెండు టిక్కెట్లు, మూడు రోజుల పని, అమ్మ కుడికంటి చూపు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కంటి డాక్టరు కోసం తిరిగి మేం పోగొట్టుకున్నవి ఇవి. పోయిన మూడుసార్లూ ఆయన రాని రోజే పోయాం. ఈలోగా ఎడమకంటికీ పొర కమ్మింది.

నాలుగోసారి బస్టాండులో మునుపెక్కని బస్సెక్కి కూర్చున్నాం. చేతిలో ఆస్పత్రి ఫైలు కనిపిస్తే ఆ బస్సు కండక్టరు ఏ ఊరికని అడగడు.

"ఏ డాక్టరుకప్పా?"

"కంటి డాక్టరుకన్నా."

జేబులోంచి అట్టముక్క తీశాడు. ఏ డాక్టరు ఏ రోజు కూర్చుంటాడో, తిరిగొచ్చే రోగులను అడిగి పెన్సిలుతో రాసుకున్నాడు. రోజు మారితే చెరిపి దిద్దుతాడు.

"దిగుండి. ఈ పొద్దు ఆయప్ప రాడు. బేస్తవారం రాండి."

"మిల్లులో లెక్కలు రాసేవాణ్ణన్నా, మళ్లీ సెలవియ్యరు."

"లెక్కలు రాసేటోనివా? వారానికి ఉండేది ఏడు దినాలే కదప్పా, అవి లెక్క పెట్టుకోలేకపోతివా?"

బస్సంతా నవ్వింది. అతను మాత్రం అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపాడు.

"సూపొచ్చినాక నా బస్సు బోర్డు నువ్వే సదివి ఎక్కల్ల, అమ్మా."

"మూడో తరగతి దాకా పోయినా నాయనా, సదువుతా."

అతను చెప్పినట్టే గురువారం వేరే బస్సులో పోయాం. డాక్టరు ఉన్నాడు. ఆపరేషనయ్యి ఎడమకన్ను నిలిచింది. అమ్మ కట్టు విప్పుకొని వచ్చేసరికి కండక్టరు వేరే డిపోకు మారిపోయాడు.

బస్టాండుకు పోతే అమ్మ ఇప్పటికీ ప్రతి బోర్డూ పైకి చదివి, తలుపులోంచి లోపలికి తొంగి చూస్తుంది. ఈ రోజుకీ అతనికి మా బాకీ ఒక బోర్డు.