జాబ్రియాలో నా తాటితోపు

మా ఇంట్లో మగపిల్లలకు అక్షరాలకన్నా ముందు బేరం నేర్పుతారు. కడపలో మా నాయనది బెల్లం అంగడి, పక్కనే పెదనాయన చెప్పుల అంగడి, ఎదురుగా మేనమామ పాత్రల అంగడి. ఒకరింటికి ఒకరు దోసెలు తినడానికి వెళ్లినా, ఎన్ని దోసెలో వాకిట్లోనే తేల్చుకునే వంశం మాది. మా నాయన సూత్రం ఒకటే: సరుకును తిట్టనోడు సరుకు కొనలేడు. ముందు తిట్టాలి, తర్వాత పెదవి విరవాలి, ఆ తర్వాత లేచిపోవాలి. నాలుగడుగులు వేసేలోగా వెనక నుంచి పిలుపు వస్తుంది. రాకపోతే చెప్పు తెగినట్టు నటించి అక్కడే వంగాలి.

ఇంత విద్య వంటబట్టించుకుని నేను కువైట్‌లో చేస్తున్నది డ్రైవరు పని. జాబ్రియాలో ఒక ఇల్లు. ఇంటావిడను మామా అంటాం, ఆమె భర్తను బాబా అంటాం. గేటు పక్కన నా గది, గది ముందర రెండు మంచాలు పట్టేంత మట్టినేల. ఆ ఇంటి ఆవరణలో సిమెంటు గానీ టైలు గానీ పడని చోటు అదొక్కటే. చలికాలం సాయంత్రాలు అక్కడ కుర్చీలు వేస్తే పక్కింటి డ్రైవరు వచ్చి కూర్చుంటాడు. రాయచోటి మనిషి, నాకన్నా చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. మా ఇంటి వంటమనిషి, రాజోలు దగ్గరి గోదావరి మనిషి, టీ తెచ్చి తనూ కూర్చుంటుంది. కడుపునిండా తెలుగు మాట్లాడుకునే జాగా అది.

ఆ నేల మీద బాబా కన్ను పడింది. మూడో కారుకు షెడ్డు వేద్దామన్నాడు. వేస్తే కారు పొగ నేరుగా నా తలుపులోకి, కుర్చీలు గోడ అవతలికి. మామాకు మాత్రం షెడ్డు ఇష్టం లేదు. రోడ్ల మధ్యలో ఉంటాయే, విసనకర్ర ఆకుల చెట్లు, అవి రెండు గేటు పక్కన కావాలంది. మామా ఏం కోరినా నేను సరే అంటాను. ఆ రోజు మాత్రం మనస్ఫూర్తిగా అన్నాను. చెట్టు ఉంటే నేల ఉంటుంది, నేల ఉంటే కుర్చీ ఉంటుంది.

ఆ చెట్లను నేను వచ్చిన కొత్తలో సబా అల్ సలేం దారిలో చూసి, "ఒరే, తాటిచెట్లు!" అని స్టీరింగు వదిలేసినంత పని చేశాను. పక్కన కూర్చున్న రాయచోటి వాడు నా గాలి తీసేశాడు.

"అవి తాళ్లు కాదన్నా. యాడో అమెరికా నుంచి తెచ్చినారంట. ఆకు తాటి మాదిరి, ముల్లు ఈత మాదిరి. కాయ జూసినావా, శనగ్గింజంత. తాటికి మారుటి బిడ్డ ల్యా."

మారుటి బిడ్డ, అంటే సవతి బిడ్డ, అయితేనేం, చెట్టు చెట్టే. మామాను మొక్కల అంగడికి తీసుకుపోయాను. అమ్మేవాడు బంగ్లాదేశీ. మామా ఒక జత చూపించింది, వాడు ధర చెప్పాడు. నాలో మా నాయన లేచి నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇది?" అని హిందీలో అందుకున్నాను. "కాయ లేదు, ముంజ లేదు, కల్లు లేదు. పట్టుకుంటే ముల్లు. విసనకర్రను కుండీలో గుచ్చి అమ్ముతాండావా? అసలైన తాటిచెట్లు మా ఊర్లో దోవ పొడుగునా ఉంటాయి. నాటే పన్లేదు, నీళ్లు పోసే పన్లేదు. టెంకలు ఊరికే ఏరుకోవచ్చు. నాకు జూపిస్తావా చెట్టు!"

అని, వంశాచారం ప్రకారం వెనక్కి తిరిగి నడిచాను. రెండో అడుగుకే వాడు "భాయ్, భాయ్" అన్నాడు. అంతా శాస్త్రప్రకారం జరుగుతోంది. ఒక్కటే తేడా. నాతోపాటు మామా కూడా నడిచి వచ్చేసింది. పాత సినిమాలు చూసి ఆమె హిందీ నేర్చుకుందని నాకు తెలుసు. నా మాటలు నమ్ముతుందని మాత్రం తెలియదు.

"మీ ఊళ్లో ఊరికే దొరుకుతాయా?" అంది.

"అది... బేరం కోసం అన్నాను మామా."

"ఇంతకన్నా ఎత్తు పెరుగుతాయా?"

"పెరుగుతాయి గానీ..."

"కాయలు కూడా కాస్తాయా?"

"కాస్తాయి."

"మరి ఇదెందుకు? యల్లా, కారు తియ్యి."

వెనకనుంచి వాడు ధర సగానికి దించి అరుస్తూనే ఉన్నాడు. అంత గొప్పగా గెలిచిన బేరం నా జన్మలో ఇంకొకటి లేదు.

సంగతి విని బాబా కడుపు పట్టుకుని నవ్వి, గడువు పెట్టాడు. రంజాన్ నెల మొదలయ్యేలోగా తన కంటికి ఆకు కనపడాలి. కనపడకపోతే ఖలాస్, షెడ్డు.

"ఎంత ఆకు బాబా?" అన్నాను. బేరగాడి నోరు ఊరుకోదు కదా.

"ఎంతైనా సరే. ఆకు అయితే చాలు."

భాద్రపదంలో రాయచోటి వాడు సెలవు ముగించుకుని వస్తూ, నేను చెప్పి పంపిన ప్రకారం ఒక సంచీడు తాటి టెంకలు తెచ్చాడు. పండు పీచు ఇంకా వాటిని వదల్లేదు. సంచి వాకిట్లో పెడితే వాసన వంటింటిదాకా పోయింది.

"ఎయిర్‌పోర్టులో సంచి ఇప్పమన్యాడన్నా," అన్నాడు. "ఇప్పినా. వాసనకు వాడు గోడదాకా యెనక్కి బోయినాడు. షినూ హాదా, ఏంది ఇది అని అర్సినాడు. చెట్టంటే పట్టుకుంటాడేమోనని తిండి అన్యా. నా మొగం జూసి, పాపం వీనికి ఇంతకన్నా దొరకదేమోనని పొమ్మన్యాడు."

అంతా బాగుంది గానీ, తాటిచెట్టును నాటడమెలాగో నాకు తెలియదు. కడప చుట్టుపక్కల తాటిచెట్టు నాటినవాణ్ని నేను చూడలేదు. అది గట్టు మీద తనంతట తాను లేస్తుంది, మనం పోయాక కూడా ఉంటుంది. పెదనాయనకు ఫోను చేస్తే, "నేలన పారేయ్‌రా, అది మొండిముండ, అదే వస్తాది" అన్నాడు. ఇక్కడి నేల ఆయనకేం తెలుసు? జానెడు ఇసుక కింద సున్నంలాంటి గట్టి పొర. పార వేస్తే గంట కొట్టినట్టు మోగింది. ఆ పొరను పగలగొట్టి, ఎర్రమట్టి బస్తాలు గుట్టగా పోసి, టెంకలన్నీ పక్కపక్కనే సర్ది, పైన మట్టి కప్పాను.

వంటమనిషి టీ గ్లాసులతో వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఆయ్! భలే పని చేశారండీ అన్నయ్యగారూ. పాతర పెట్టేశారా!"

పాతర అంటే మా వైపు ధాన్యం దాచిపెట్టే గొయ్యి. నిధిలాగా భద్రంగా దాచానని మెచ్చుకుంటోందనుకున్నాను.

"రావాల తల్లీ," అన్నాను. "రంజాన్ లోపల రావాల."

"అన్నాళ్లెందుకండీ? చలికాలంలోనే శుభ్రంగా వచ్చేస్తాయండి."

నా తోపు మీద నాకన్నా ఎక్కువ నమ్మకం ఉన్న మనిషి దొరికిందని పొంగిపోయాను. అప్పటినుంచి నేను బయటికి పోయిన రోజుల్లో నీళ్లు ఆమే పోసేది. పోస్తూ ఆ గుట్టను, పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెను చూసినట్టు చూసేది. అదీ ప్రేమే అనుకున్నాను.

కువైట్ ఎండకు తాటి బెదరదు. కడప ఎండలో పుట్టినదానికి ఈ ఎండ మేనత్త వరస. చలే సవతితల్లి. అదేం చిత్రమో, డిసెంబరు దాటాక ఈ ఊళ్లో రాత్రిపూట పళ్లు టకటకలాడతాయి. రోడ్డు మీది విసనకర్ర చెట్లు ఆ చలిని లెక్కచేయకుండా ఊగుతున్నాయి, మారుటి బిడ్డే గట్టిపిండం అన్నమాట. నా టెంకల నుంచి మాత్రం పచ్చటి చుక్క కూడా లేదు. బాబా గేటు దగ్గర ఆగినప్పుడల్లా "ఆకు?" అనేవాడు. "మాఫీ బాబా," లేదనేవాణ్ని. ఆయన చేతులతో షెడ్డు కొలతలు వేస్తూ లోపలికి పోయేవాడు. చివరికి నా దుప్పటి తెచ్చి గుట్ట మీద కప్పాను. నేను రెండు చొక్కాలు వేసుకుని పడుకున్నాను. పొద్దున్నే దుప్పటి తీసి ఎండ తగలనిచ్చేవాణ్ని.

ఒక శుక్రవారం మామాను సిటీలో పాత బజారుకు తీసుకుపోవాలి. కారు తీస్తుంటే వంటమనిషి కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, తియ్యొచ్చేమోనండీ?"

మామా వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. ఎండ బాగా వచ్చింది. దుప్పటి గుట్ట మీదే ఉండిపోయింది.

"తియ్ తియ్," అన్నాను. "అడగాల్నా దానికి?"

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నా తోపు నిలువునా తవ్వి ఉంది. దుప్పటి మాత్రం చక్కగా మడతపెట్టి నా కుర్చీ మీద ఉంది. చలికాలం శుక్రవారాల్లో బాబా మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి ముందర వంటమనిషి కూర్చుని తేగలు కాలుస్తోంది. రాయచోటి వాడు పక్కనే కూర్చుని ఒకటి ఒలుచుకుంటున్నాడు.

"అన్నా," అన్నాడు, "నీ తోపు శానా రుచిగా ఉండాది."

"ఏం పని చేస్తివి తల్లీ!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటి పావురాలు లేచాయి.

"అదేంటండీ, మీరే తియ్యమన్నారు కదండీ!"

"దుప్పటి తియ్యమన్యా!"

"దుప్పటి తియ్యడానికి మిమ్మల్ని అడుగుతానాండీ, చిన్నపిల్లనా? పాతర పెట్టాక తేగ తియ్యరా ఎవరైనా? ఇంకో నెల ఆగితే పీచు పట్టిపోవా?"

అప్పుడు తెలిసింది. టెంక మొలిస్తే ముందు పైకి రాదట. ముల్లంగిలా నేలలోకి దిగుతుందట. ఆ మొలకే తేగ. గోదావరి వాళ్లు టెంకలు పాతరేసేది చెట్టు కోసం కాదు, చలికాలంలో తవ్వుకుని కాల్చుకు తినడం కోసం. తేగలు మా అంగళ్ల ముందర కట్టలుగా అమ్మడం నేను చూడకపోలేదు. తిన్నాను కూడా. కానీ అంగట్లో పెరిగినవాడికి ఏ సరుకైనా అంగట్లోనే పుడుతుందని ఒక నమ్మకం.

ఇంతలో బాబా బయటికి వచ్చాడు. తవ్విన నేల చూసి ముఖం వెలిగిపోయింది.

"జైన్, జైన్! నువ్వే తవ్వించేశావా? మంచి పని," అని షెడ్డు వాడికి ఫోను కలిపాడు.

మామా సంచులు అక్కడే దించి, "నా చెట్లేవి?" అంది.

రాయచోటి వాడు నమలడం ఆపాడు. షెడ్డు వాడి ఫోను మోగుతోంది. నా కుర్చీ, నా నేల, నా సాయంత్రాలు ఆ రింగులో కొట్టుకుంటున్నాయి. సరుకును తిట్టడం నేర్పిన మా నాయన, సరుకును పొగడడం నేర్పకుండానే పోయాడు.

వంటమనిషి మాత్రం కంగారు పడలేదు. ఒక తేగ తీసి ఊది, పైపొర ఒలిచి, నిలువునా రెండుగా చీల్చింది. నడుమ సన్నగా, తెల్లగా, లేత పసుపు కొసతో ఒక మొలక ఉంది. దాన్ని వేళ్లతో లాగి మామా చేతిలో పెట్టింది.

"ఇది తినండి మామా. దీన్ని మేం చందమామ అంటాం. పిల్లలు దీనికోసం కొట్టుకుంటారు."

"షినూ హాదా?" అంది మామా. "ఏమిటిది?"

"ఇదే మామా పైకి వచ్చి ఆకవుతుంది."

ఆకు! నా నోరు నాకన్నా ముందు పరిగెత్తింది.

"బాబా, ఫోను పెట్టేయండి! రంజాన్ లోపల ఆకు కనపడాల అన్నారు. అదిగో ఆకు. ఎంతైనా సరే అన్నారు. అంతుంది."

బాబా నన్ను, మామా చేతిలోని మొలకను మార్చి మార్చి చూశాడు. "మజ్నూన్," అన్నాడు. పిచ్చివాడా అని. నిజమే, కానీ మాటంటే మాటే. ఆయనా వ్యాపారం చేసే మనిషే. మామా అప్పటికే ఆ ఆకును నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు మూసింది. రెండో తేగకు చెయ్యి చాపి, "దీంట్లోనూ ఉంటుందా?" అని వంటమనిషిని అడిగింది.

"అన్నిట్లోనూ ఉంటాయండి మామా."

"షెడ్డు వద్దు," అంది మామా. "వచ్చే ఏడు ఇంకా ఎక్కువ పెట్టండి."

బాబా ఫోను జేబులో పెట్టుకుని, ఒక తేగ పీచు ఉమ్ముతూ లోపలికి పోయాడు.

నేల దక్కింది. నాకు దక్కిందని అనుకుంటే మాత్రం పొరపాటు. ఈ ఏడాది టెంకలు రాజోలు నుంచి వచ్చాయి. పాతర ఎక్కడ పెట్టాలో, ఎంత మందాన మట్టి పొయ్యాలో వంటమనిషి చెబుతుంది, పార నేను పట్టుకుంటాను. పాతర నేలంతా పరుచుకుంది, కుర్చీలు గోడకు అతుక్కుపోయాయి. వాటిల్లోనూ శుక్రవారం ఆమె ఊరి ఆడవాళ్లే కూర్చుంటారు. నేనూ రాయచోటి వాడూ నిలబడి టీ తాగుతున్నాం.

ఒక్క చెట్టన్నా పెంచుదామని ఆమెతో బేరానికి దిగాను.

"నాలుగు టెంకలు ఇయ్యి తల్లీ, చెట్టుకు వదులుతా."

"నాలుగే! తేగలు ఎన్ని పోతాయో తెలుసాండీ? ఒకటి ఇస్తాను."

"ఈ ముక్కిన టెంకలకు ఇంత బెట్టా?" అని తిట్టి, వెనక్కి తిరిగి నడిచాను. ఒక అడుగు, రెండు, మూడు. పిలుపు లేదు. చెప్పు తెగినట్టు వంగి చూస్తే, ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒకటే ఇచ్చింది. గోడ మూలన, అందరికీ దూరంగా నాటాను. చలి మొదలైంది గానీ, మళ్లీ తియ్యొచ్చా అని అడుగుతుందేమోనని ఈసారి దుప్పటి కప్పలేదు. పొద్దున కారు తుడుస్తూ తలెత్తితే, వంటింటి కిటికీలోంచి ఆమె ఆ మూలకేసే, పొయ్యి మీది గిన్నెను చూసినట్టు చూస్తోంది.