ఒక్కరే చూసే పేజీ

పాత కంప్యూటర్ మూత విప్పి దుమ్ము దులిపితే ఒక వాసన వస్తుంది. వేడెక్కి చల్లారిన దుమ్ము, దానికి తోడు కాస్త కాలిన ప్లాస్టిక్. చిత్తూరులోని నా చిన్న ఆఫీసులో ఆ పని నేనే చేసుకుంటాను, ఎవరికీ అప్పజెప్పను. మొన్న పొద్దున కూడా బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. ఆ వాసన ముక్కుకు తగలగానే తిరుపతి రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక మేడమీది గది, ఆ గదిలో కిటికీ పక్కన కూర్చున్న వసుంధర మేడం గుర్తొచ్చారు. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఎరిగినవాళ్ళు మాత్రం ఎంతమంది ఉన్నారని?

మాది నగరి. నాయన మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ నేర్చుకుంటానంటే, ఒక్క ఏడాది చూద్దాం అన్నాడు. ఏడాదిలో ఉద్యోగం రాకపోతే ఇంటికొచ్చి మగ్గాలకు నూలు కండెలు చుట్టాల్సిందే. ఆ పని తక్కువదని కాదు. ఆ షెడ్డు చప్పుడుకే అమ్మకు ఒక చెవి వినిపించడం మానేసింది, నాకు ఆ చప్పుడంటే భయం. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొంతకాలమే అయింది. ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగలో కీచుమని అరిచి, బతిమాలితే వచ్చేది. తిరుపతిలో లేడీస్ హాస్టల్లో చేరి, మేడం నడిపే కంప్యూటర్ సెంటర్లో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకోసాగాను.

మేడంకి నలభై ఐదేళ్ళుంటాయి. నేత చీర, నూనె రాసి బిగించి వేసుకున్న ముడి. మద్రాసులో ఏదో ప్రెస్సులో చాలా ఏళ్ళు పనిచేసి, భర్త పోయాక ఇటు వచ్చేశారని విన్నాం. సెంటర్ వెనక గదిలోనే కాపురం. కాపురం అని అలవాటుకొద్దీ అంటున్నాను, ఉండేది ఆమె ఒక్కరే. పాఠం చెప్పే తీరు విచిత్రంగా ఉండేది. పుస్తకంలో ఉన్నది మమ్మల్ని చదువుకోమనేవారు. తాను చెప్పేవన్నీ పుస్తకంలో లేనివే. ఫైలుకు పేరు పెడితే ఆరు నెలల తర్వాత నీకే అర్థం కావాలి. ఏ పనికైనా రెండు కాపీలు ఉంచు, రెండూ ఒకే సంచిలో పెట్టకు. పేజీలో రంగులు రెండు చాలు, మూడోది పెట్టాలనిపిస్తే లేచి మంచినీళ్ళు తాగి రా. ఫోన్ నంబరు మొదటి పేజీలోనే ఉండాలి. ఎవరి ముందైనా నీ పని చూపించేటప్పుడు తెరను చూస్తూ చదవకు, వాళ్ళను చూడు. ఇవి చెప్పి చెప్పి విసుగొచ్చినా ఆమె గొంతు మాత్రం పెరిగేది కాదు.

అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి. పేజీ పూర్తయ్యాక మాకు పరిచయం లేని మనిషిని, కింద టీ కొట్టాయన్నో, పోస్టు ఇవ్వడానికొచ్చినాయన్నో తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవారు. తయారుచేసినవాళ్ళం వెనక నిలబడాలి. నోరు మెదపకూడదు. ఆ మనిషి ఎక్కడ నొక్కాలో తెలియక తికమకపడుతుంటే నాకు నాలుక దురద పెట్టేది. ఒకసారి ఉండబట్టలేక చెప్పేశాను. మేడం ఆయన్ని పంపించేసి నన్ను పక్కకు పిలిచారు.

"నువ్వు అందరిండ్లకీ పోయి కుర్సీ ఎనక నిలబడతావా అమ్మణ్ణీ? ఆ పేజీ సూసేవాడు ఒక్కడే కూసోని ఉంటాడు. అడిగేదానికి పక్కన మనిషి ఉండడు. అది మతిలో పెట్టుకోని చెయ్యి."

ఆ మాటలో నాకు అప్పుడు వినిపించింది పాఠమే.

తిరుపతిలో జనానికి కొదవ లేదు. కానీ ఆ జనమంతా కొండకు పోయేవాళ్ళు, కొండ దిగి ఊళ్ళకు పోయేవాళ్ళు. ఎవరూ మన కోసం వచ్చినవాళ్ళు కారు. ఆదివారాల్లో హాస్టల్ సగం ఖాళీ అయిపోయేది. మాటిమాటికీ నగరికి పోతే నాయన ఏడాది సంగతి ఎత్తుతాడని నేను పోయేదాన్ని కాదు. ఒక ఆదివారం ఆ గది గోడలు భరించలేక, తాళం వేసి ఉంటుందని తెలిసీ సెంటర్ దాకా నడిచాను. తలుపు తీసే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, అన్ని కంప్యూటర్లూ ఆన్‌లో ఉన్నాయి, మేడం ఒక్కరే కూర్చుని ఉన్నారు. క్లాసుందా అని అడిగాను. లేదన్నారు. మరెందుకు తెరిచారని అడగబోయి ఊరుకున్నాను. నేనెందుకొచ్చానని ఆమె కూడా అడగలేదు. మధ్యాహ్నం పెరుగన్నం, మాగాయ ఇద్దరికీ కలిపి పెట్టారు. తిన్నంతసేపూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయేదాన్ని. నా జీవితంలో అంత హాయిగా మౌనంగా ఎవరి పక్కనా కూర్చోలేదు.

ఏడాది ఇంకో రెండు నెలల్లో ముగుస్తుందనగా, బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే మునిరత్నం గారు వెబ్‌సైట్ కావాలని వచ్చారు. దుబాయి వ్యాపారులకు సరుకు అమ్మాలని ఆయన ఆశ. మేడం ఆ పని నాకిచ్చారు. నేను ప్రాణం పెట్టి చేశాను. పైన తెరనిండా వెంకటేశ్వరస్వామి పటం, దాని కింద ఓనరుగారి తండ్రి ఫోటో, ఆ కింద వెలిగి ఆరే మామిడికాయ, అడ్డంగా పరిగెత్తే అక్షరాలు. మా వైపు పెళ్ళి పత్రికైనా, లారీ అయినా స్వామితోనే మొదలవుతుంది కదా. మేడం చూసి, గుజ్జు ఎక్కడమ్మా అన్నారు. స్వామి పటాన్ని చిన్నది చేసి పేజీ చివరకు తెమ్మన్నారు. ఓనరు ఒప్పుకోడని భయపడ్డాను. ఒప్పించడం కూడా పనిలో భాగమే అన్నారు. పాతదీ కొత్తదీ రెండూ తీసుకుని నన్ను ఒక్కదాన్నే పొమ్మన్నారు. ఈ పని దక్కకపోతే కండెలే గతి అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. మీరు కూడా రండి అని బతిమాలాను.

"నేనొస్తే నువ్వు నా మొగమే సూస్తావుంటావు. పోయి రా."

బంగారుపాళ్యం ఆఫీసులో మునిరత్నం గారు, ఆయన గుమాస్తా, నేను. కొత్త పేజీ చూసి ఆయన ముఖం మాడిపోయింది. స్వామిని అడుగున పెడతావా అన్నారు. నేను నేర్చుకున్న జవాబులన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు. కుర్చీ ఆయన వైపు జరిపి, టెలిఫోన్ లైను మీదనే పాత పేజీ తెరిచి, వెనక్కి వచ్చి నిలబడ్డాను. పెద్ద బొమ్మ ఆ లైనులో పైనుంచి కిందికి గీత గీతగా దిగాలి, మొదట కిరీటం అంచు వచ్చింది. ఆయన చేతులు జోడించారు. చాలాసేపటికి నామం వచ్చింది. శంఖు చక్రాల దగ్గర ఆగింది. గుమాస్తా తెచ్చిన టీ ఆయన తాగేశారు, పాదాలు ఇంకా రాలేదు. నేను నోరు తెరవలేదు. చివరికి ఆయనే వెనక్కి తిరిగారు.

"నేను గాబట్టి దండం పెట్టుకోని కూసున్నా. దుబాయోడు కూసుంటాడా?" అని, ఖాళీ టీ గ్లాసు పక్కకు జరిపి, "సరేమ్మా, స్వామి కిందనే ఉండనీ. అందరికీ ఆకరికి పాదాల కాడే గదా సోటు" అన్నారు.

వారం తిరగకుండా చిత్తూరులోని వాళ్ళ ఎగుమతుల ఆఫీసులో ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. నాయన సంతోషించాడు. నేను సంతోషించానా? మేడం దగ్గరికి పోయి, ఇక్కడే ఉండి పాఠాలు చెబుతాను, జీతం మీకు తోచినంత ఇవ్వండి అన్నాను. ఉండమని ఒక్క మాట అంటే ఉండిపోయేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"నాకు తోడుగా ఉండేదాన్ని ఉద్యోగం అనరు అమ్మణ్ణీ" అన్నారు.

బస్టాండ్ దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడ్డారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఎప్పుడు చేసినా, అంతా బాగుండాది, నీ పని చూసుకో అనేవారు. ఒక ఎండాకాలం ఆమె గుండెపోటుతో పోయారని తెలిసి వెళ్ళేసరికి ఇంటివాళ్ళు గది ఖాళీ చేసేశారు. ఆ ఉద్యోగం తర్వాత, ఆమె నేర్పిన పనితోనే సొంత ఆఫీసు పెట్టుకుని నడుపుకుంటూ వచ్చాను. పేజీ చేసేటప్పుడల్లా, అవతల ఒక్కరే కూర్చుని ఉంటారన్నది మరిచిపోలేదు.

మొన్న బ్రష్షు పట్టుకుని కూర్చున్నప్పుడే హేమ వచ్చింది. నా దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల. మధ్యాహ్నం ఇద్దరం ఒకేచోట క్యారియర్లు విప్పుకుంటాం. బెంగళూరులో పెద్ద ఉద్యోగం వచ్చిందట, మర్నాడే చేరాలట. మీరు వద్దంటే పోను మేడం అంది, నిజంగానే అంది. పోయి రా అన్నాను. సాయంత్రం బస్సెక్కించి, ఆ బస్సు మలుపు తిరిగాక ఆఫీసుకు నడిచొచ్చాను. పది నిమిషాల దారి, ఎంతకీ తరగలేదు. ఆ రోజు తిరుపతిలో బస్సు ఎక్కింది నేను కాబట్టి, నాకు ఇన్నేళ్ళూ బస్సే గుర్తుంది. మేడం అక్కడినుంచి ఆ గదికి ఒక్కరే ఎలా తిరిగి వెళ్ళారో మొన్న తెలిసింది.