పురుగుల గది గడప

ఫ్రాన్సులోని లియాన్ ఒకప్పుడు పట్టుమగ్గాల ఊరు. ఇప్పుడా మగ్గాల గుర్తుగా మ్యూజియాలు మిగిలాయి. 2006లో మా అమ్మను తీసుకెళ్లాను. మా ఊరు జంగమకోటెలో ఆమె బతుకంతా పట్టుపురుగుల పెంపకమే.

ఒక మ్యూజియం గదిలో బతికున్న పురుగుల్ని తట్టల్లో పెట్టారు. అమ్మ గడప దగ్గరే చెప్పులు విడిచింది. లోపలున్న కాపలాదారు వేసుకోమని సైగ చేశాడు. అమ్మ కదల్లేదు. అతను గొంతు పెంచాడు. వెనక వస్తున్నవాళ్లు ఆగిపోయారు. నాకు అమ్మ మీదే కోపం వచ్చింది.

“వేసుకోమ్మా,” అన్నాను.

“చెప్పుల్తో పోతే పురుగులకి జబ్బు తగుల్తాదప్పా. నేను ఈడనే ఉంటా. ఆయనకి చెప్పు.”

వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. కాపలాదారు తట్టలవైపు చూశాడు. తర్వాత తన బూట్లు చూసుకుని, మెల్లగా గడప దాటి వచ్చి మా పక్కన నిలబడ్డాడు.