బాగోలేనని అత్తయ్యగారు చెప్పిన పొద్దు

మా వైపు ఇంటికి వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామండి అనే చెప్పాలి. జ్వరంతో మూలుగుతున్నా సరే, ముందు బాగున్నామనాలి, కూర్చోమనాలి, తాగడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఆ తరవాత మాటల్లో మాటగా జ్వరం సంగతి వాళ్ళే బయటికి లాగాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నేనూ ఇక్కడే పుట్టి పెరిగాను కాబట్టి ఇందులో నాకెప్పుడూ వింతేమీ కనిపించలేదు. ఈ మర్యాద వల్ల మా అత్తయ్యగారికి రావలసిన పింఛను చేజారిపోయేదాకా.

అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం నిలిచింది, కాస్త ముద్దగా వస్తుంది, అంతే. అమలాపురం ఆస్పత్రి నుంచి ఆవిణ్ణి ఇంటికి తెచ్చేనాటికి మా పాప అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. మా ఆయన రొయ్యల చెరువుల మీద పని చేస్తారు. తెల్లారకుండా వెళ్ళి పొద్దుపోయాక వస్తారు. ఇంట్లో మిగిలేది మేం ముగ్గురం.

అత్తయ్యగారిని పక్కకి తిప్పాలంటే నా రెండు చేతులూ కావాలి. ఒక మోకాలు మంచం మీద ఆనించి, ఆవిడ భుజం కింద చెయ్యి వేసి, రెండో చేత్తో నడుము పట్టుకుని లాగాలి. సరిగ్గా అదే సమయానికి పాప పెరటి తలుపు దగ్గరికి చేరేది. పెరడు దాటితే పంట కాలువ. ఒకరోజు ఆవిణ్ణి సగం తిప్పి ఉండగా గడియ చప్పుడైంది. పట్టుకున్న మనిషిని వదలలేను, చప్పుడైన వైపు చూడకుండా ఉండలేను.

"నన్ను వదిలెయ్యమ్మాయ్. దాన్ని చూడు" అన్నారు అత్తయ్యగారు.

దిండు అడ్డం పెట్టి పరిగెత్తాను. పాప కాలువ మెట్టు మీద కూర్చుని గడ్డి పీకుతోంది. దాన్ని చంకనేసుకుని వచ్చి చూస్తే అత్తయ్యగారి ముఖం దిండులో కూరుకుపోయి ఉంది. తిప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఊపిరి కోసం అవస్థ పడుతూనే ముందు అడిగింది పాప గురించి.

ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే మాట. పొద్దుటిపూట ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. మా ఆయన సంపాదనలో అది కుదరదు. మంచాన పడ్డవాళ్ళకిచ్చే పింఛను వస్తే కుదురుతుంది. మా ఊరి గ్రామ సచివాలయానికి వెళ్ళాను, అడిగిన కాగితాలన్నీ ఇచ్చాను. డాక్టరుగారు ఇంటికే వచ్చి చూసి రాస్తారని అక్కడ పింఛన్లు చూసే ఆవిడ చెప్పారు.

డాక్టరుగారు వస్తారని కబురు వచ్చిన పొద్దున అత్తయ్యగారు నన్ను పిలిచి గంజి పెట్టిన గళ్ళ చీర తియ్యమన్నారు. ఈ చీర చాలు కదండీ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. గౌరవం గల మనుషులు ఇంటికొస్తుంటే మంచం మీద పడుకుని మాట్లాడతారా ఎవరైనా, అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. తల దువ్వి, బొట్టు పెట్టి, చేతుల కుర్చీలో కూర్చోబెట్టాను. అటూ ఇటూ దిళ్ళు దోపాను. జారిపోకుండా నడుముకి తువ్వాలు చుట్టి కుర్చీ వెనక కట్టాను. తువ్వాలు కనపడకుండా పైట సర్దమన్నారు. పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టి దాని మీద కూడా పైట కప్పించుకున్నారు. చూసినవాళ్ళు ఆవిడ ఏదో పెళ్ళికి బయల్దేరి ఆటో కోసం చూస్తున్నారనుకుంటారు.

వచ్చిన డాక్టరుగారు వయసులో చిన్నావిడే, కలుపుగోలు మనిషి. ఎలా ఉన్నారు మామ్మగారూ అని అడిగారు.

"మీ దయవల్ల బాగున్నానండి. కూర్చోండి. అమ్మాయ్, బొండాలు."

నేను పాపని చంకనేసుకుని పెరట్లోకి వెళ్ళి కొబ్బరి బొండాలు చెక్కుతున్నాను. కిటికీలోంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి. నడవగలరా అని డాక్టరుగారు అడిగితే, మా కోడలు పట్టుకుంటే నాకేంటండి అన్నారు. అది అబద్ధం కాదు. నేను పట్టుకోవడమంటే మోయడమని మాత్రం చెప్పలేదు. కుడి చెయ్యి ఎత్తమంటే, ఎండన పడి వచ్చేరు, ముందు చల్లగా తాగండి అన్నారు. నేను గ్లాసులతో వచ్చేసరికి ఇద్దరూ ఐనవిల్లిలో ఉన్న దూరపు చుట్టాల గురించి మాట్లాడుకుంటున్నారు. డాక్టరుగారు సంతోషంగా వెళ్ళారు. చాలా మంచి మనిషని అత్తయ్యగారు సాయంత్రం దాకా మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకి సచివాలయం ఆవిడ ఫోను నా వైపు తిప్పి డాక్టరుగారు రాసింది చూపించారు. కూర్చుంటున్నారు, సాయంతో నడుస్తున్నారు, పింఛనుకి అర్హత లేదు. మా ఆయనకి చెబితే ముందు నవ్వారు. తరవాత అమ్మని మార్చగలమా, వదిలెయ్యి అన్నారు. వదిలేస్తే కాలువ ఎక్కడికీ పోదు కదా.

గ్రామసభ జరిగే రోజున పక్కింటి పిన్నిగారిని బతిమాలి అత్తయ్యగారి దగ్గర కూర్చోబెట్టి, పాపని తీసుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. డిగ్రీ మూడేళ్ళూ క్లాసులో లేచి ఒక్క సందేహం కూడా అడగని మనిషిని. మురుగు కాలువ గురించీ వీధి దీపాల గురించీ అందరూ మాట్లాడాక, గోడ పట్టుకుని లేచాను. నా సంగతి సగం చెప్పానో లేదో, వెనక వరసలోంచి ఒకాయన అందుకున్నారు.

"మంచాన పడ్డావిడ డాక్టరుగారికి బొండాలిచ్చి సాగనంపేరంట కదమ్మా. ఆవిడ మాకంటే నిక్షేపంగా ఉన్నారు."

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కూర్చుందామనే అనుకున్నాను. పాప నా జుట్టు గట్టిగా పట్టుకుని లాగుతోంది. ఆ నొప్పికో ఏమో గొంతు పెగిలింది.

"బొండం కొట్టింది నేనండి. ఆవిణ్ణి కుర్చీలో ఎత్తి పెట్టిందీ నేనేనండి. జారిపోకుండా తువ్వాలుతో కట్టేను, అది కనపడకుండా పైట కప్పేను. ఇంటికొచ్చిన మనిషికి బాగోలేనని మీలో ఎవరు చెబుతారో చెప్పండి. మళ్ళీ చూడమనండి. నేను ఆవిణ్ణి లేపకముందు, పొద్దున్నే వచ్చి చూడమనండి."

సర్పంచిగారు మా అమ్మ వయసావిడ, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయ్, అమ్మాయి చెప్పింది నిజమేనండి. మా నాన్నగారు పోయే ముందురోజు కూడా బాగున్నాననే చెప్పేరు" అన్నారు. మళ్ళీ చూసేలా పైకి రాయమని సచివాలయం ఆవిడకి అక్కడే చెప్పారు.

ఇంటికొచ్చేసరికి ఆ వార్త నాకంటే ముందే చేరింది.

"తువ్వాలు సంగతి కూడా చెప్పేవంట" అన్నారు అత్తయ్యగారు.

"చెప్పేనండి."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు అన్నం పెడితే తిన్నారు గానీ నాతో మాట్లాడలేదు. తప్పు చేశానని నాకు అనిపించలేదు, అలాగని ఆవిడ కోపం అన్యాయమనీ అనిపించలేదు. ఊళ్ళో ఒక్కరికీ తన పరువు తగ్గించి చూపించని మనిషిని నేను మంచంతో సహా వీధిలో పెట్టాను.

డాక్టరుగారు మళ్ళీ వచ్చినప్పుడు మేం ఇంకా ముఖాలు కూడా కడుక్కోలేదు. పక్కబట్టలు మార్చలేదు, గదిలో వాసన అలాగే ఉంది. నేను కంగారుగా దుప్పటి పైకి లాగబోయాను. అత్తయ్యగారు ఎడం చేత్తో నా చెయ్యి ఆపారు. డాక్టరుగారు మంచం పక్కనే స్టూలు వేసుకుని, ఎలా ఉన్నారు మామ్మగారూ అని అడిగారు. అత్తయ్యగారి పెదవులు ఆ పాత జవాబు కోసమే కదిలాయి. నేను చూశాను. తరవాత ఆగాయి.

"బాగోలేనండి" అన్నారు. "ఈ పక్కంతా నాది కాదండి. మా కోడలు తిప్పితే తిరుగుతాను, లేకపోతే గోడ చూస్తా పడుంటాను. ఇయ్యాల మీకు మర్యాద చెయ్యడం కూడా నావల్ల కాదండి, ఏమీ అనుకోకండి."

డాక్టరుగారు రోజూ ఎలా తిప్పుతావో అలాగే తిప్పమన్నారు. నేను మోకాలు మంచానికి ఆనించి, భుజం కింద చెయ్యి వేసి తిప్పాను. నడుము దగ్గర చర్మం కందిపోయి ఉంది. డాక్టరుగారు దాన్ని వేలితో తాకి చూశారు. ముందే చెప్పి ఉండవలసింది కదా మామ్మగారూ అన్నారు.

"మొదటిసారి వచ్చిన మనిషికి అడగ్గానే చెబితే ఏం బాగుంటుందండి?"

డాక్టరుగారికి నవ్వాగలేదు. నేనూ నవ్వాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు. కుర్చీలో కూర్చోబెట్టిన రోజుకంటే ఆ రోజే అత్తయ్యగారు నాకు ఎక్కువ దర్జాగా కనిపించారు. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అత్తయ్యగారూ పాపా నిద్రపోయాక ఇలా రాసుకోవడమే.

ఆవిడా నాతో ఏమీ అనలేదు. పిన్నిగారితో మాత్రం అన్నారు. నేను వంటింట్లో ఉన్నానని తెలిసే, నాకు వినపడేలా అన్నారు.

"మా ఇంట్లో మగవాళ్ళు కూడా ఎప్పుడూ పంచాయతీలో నోరెత్తలేదు. మా అమ్మాయి బిడ్డని చంకనేసుకుని నిలబడి అడిగింది."

పింఛను మంజూరైంది. వెనక వీధిలో ఒకావిడ పొద్దుటిపూట రావడానికి ఒప్పుకున్నారు. వచ్చిన మొదటి రోజు అత్తయ్యగారు ఆవిడ పుట్టిల్లు ఎక్కడో, పిల్లలెందరో, కాఫీలో పంచదార ఎంతో అన్నీ కనుక్కున్నాక గానీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ తరవాత తనని ఎలా తిప్పాలో అత్తయ్యగారే చెబుతుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. "అక్కడ కాదమ్మా, భుజం కిందకి పోనియ్యి. ఆయ్, అలాగ." నేను ఏ రోజూ నోటితో చెప్పని పద్ధతి అది, ఆవిడ ఒంటితో నేర్చుకున్నారు.

నన్ను ఎవరూ పిలవలేదు. గిన్నెలో పప్పన్నం కలుపుకుని వీధి అరుగు మీద పాపని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అది ముద్ద ముద్దకీ ఆగి, వీధిలో పోయే కోడినీ సైకిలునీ చూసి, మళ్ళీ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను లేవలేదు.