గాజుగొట్టంలో మిగిలిన వెండి

కాలేజీ రాయిని గీకి వెండి కాజేశాడన్న నింద తొలగకుండానే మా జియాలజీ ల్యాబ్ అటెండర్ బాబాయ్ మొన్న గురువారం రాజమండ్రిలో కన్నుమూశారు. డాక్టర్లు గుండెపోటన్నారు. నేను ఆ నింద అంటాను.

వెండి, పాదరసం భూమిలో తమంతట తామే కలిసి గట్టిపడిన అరుదైన ఖనిజం అది. నల్లరాతిలో తెల్లటి మెరుపులు. పది తప్పి, ఆ ల్యాబ్ ఊడ్చే పనిలో చేరిన నాకు లేబుళ్లు చదివించి రాళ్ల చదువు చెప్పింది ఆయనే. ఏటా దసరా పూజ కాగానే ఒక్కో రాయినీ తూచి రిజిస్టర్లో రాసేవారు. రాయికి మాత్రం కుంకుమ పెట్టనిచ్చేవారు కాదు.

"పెట్టెకి పెట్టరా. పౌడర్ రాస్తే రాయి ఒంటిరంగు ఎలా తెలుస్తుంది?"

కిందటి వేసవిలో ఒక కాంట్రాక్టు లెక్చరర్, పిల్లలకి చూపించాలని, ఆ రాయి అంచు విరిచి గాజుగొట్టంలో వేసి కాల్చాడు. పాదరసం ఆవిరై గొట్టం పైభాగాన పూసల్లా అంటుకుంది. వెండి అడుగున మిగిలింది.

"విషమండి అది! ముందు పిల్లల్ని బయటికి పంపండి!" బాబాయ్ అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే. మంట ఆర్పి, గొట్టానికి బిరడా బిగించి లక్కతో మూసేశారు.

దసరాకి రాయి తూకం తగ్గింది. బీరువా తాళాలు ఉండేది బాబాయ్ దగ్గరే కాబట్టి నింద ఆయన మీద పడింది. ప్రిన్సిపాల్ విచారణలో, తనే చెప్తాడని బాబాయ్ ఎదురుచూస్తుంటే, లెక్చరర్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. బయటికొచ్చాక బాబాయ్ చేతులు పట్టుకున్నాడు.

"పర్మనెంట్ ఆర్డర్ వచ్చేదాకా ఆగండి బాబాయ్ గారూ. నేనే చెప్పేస్తానండి."

"మరి ఈయన సంగతేంటండి?" అన్నాను.

"ఊరుకోరా. నిన్ను కాలిస్తే పాదరసం రాదు, ఆవకాయ కారం వస్తుంది" అని బాబాయ్ నవ్వారు.

బీరువా తాళాలు లాక్కుని ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆర్డర్ వచ్చింది. లెక్చరర్ కాజాలు పంచాడు, నోరు విప్పలేదు. అతని బండి వచ్చినప్పుడల్లా బాబాయ్ లేచి నిలబడేవారు, ఇవాళ చెప్తాడేమోనని.

నిన్న పిన్ని, బాబాయ్ భార్య, ఆయన జేబురుమాల్లో చుట్టి ఇంట్లో దాచిన ఆ గొట్టం నా చేతిలో పెట్టింది. లక్క చెదరలేదు. తగ్గిందన్న తూకమంతా అందులోనే ఉంది.

లెక్చరర్ గారూ, ప్రిన్సిపాల్ గారూ, ఆదివారం ఆయన పెద్దకార్యం. శనివారం సాయంత్రం ఐదింటిలోగా అందరి ముందూ దీన్ని తూచండి. రిజిస్టర్లో నిజం రాసి సంతకాలు పెట్టండి. ఆ మాట పిన్నికి మీ నోటితో చెప్పండి. అప్పటిదాకా ఈ గొట్టం పట్టుకుని, గేటు దగ్గర ఆయన కుర్చీలోనే కూర్చుంటాను. మీ బండి వస్తే లేవను.